కుడివైపు పైమూల

శరత్‌బాబు గారు పోయారని 2023 మే నెలలో వార్త విన్న రోజు రాత్రి, బీరువా పై అరలోంచి బాబాయి నోటుపుస్తకం దించాను. అట్ట ఊడిపోతే దారంతో కట్టిన రూళ్ల పుస్తకం. మొదటి పేజీలో బాబాయి గుండ్రటి అక్షరాలతో ‘పక్కవాళ్ల లెక్క’ అని రాసుకున్నాడు. దాని కింద పదకొండేళ్ల పిల్లాడి చేతిరాత: ‘ర్యాంకులు మారవచ్చును.’ ఆ పిల్లాణ్ణి నేనే.

మా బాబాయి సినిమా హాల్లో ఆపరేటరు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు ప్రొజెక్టర్ గదిలోనే గడిపాడు. రెండు మిషన్లు, వాటి ముందు గోడలో అరచేయంత అద్దాల కిటికీలు. ఒక మూల రీళ్లు తిప్పుకునే బల్ల, దాని మీద తెగిన ఫిలిం అతికించే సిమెంటు సీసా. మిషన్లలో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండుతుంటే గది పొయ్యిలా ఉండేది. ఎండాకాలం సెలవులొస్తే నాకు అదే లోకం. పిన్ని క్యారేజీ కట్టి నా చేతికిచ్చి పంపేది. మ్యాట్నీకి వెళ్లినవాణ్ణి సెకండ్ షో మొదలయ్యాక గానీ ఇంటికొచ్చేవాణ్ణి కాదు.

అప్పట్లో సినిమా ఒక్క ముక్కగా వచ్చేది కాదు, పెట్టెల్లో రీళ్లుగా వచ్చేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఒక మిషన్ మీద రీలు అయిపోయే క్షణానికి రెండో మిషన్ మీద తర్వాతి రీలు అందుకోవాలి. ఆ సమయం ఎలా తెలుస్తుందంటే, రీలు చివర ఎనిమిది సెకన్లు ఉందనగా బొమ్మకి కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. నాలుగే నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరోవంతు. అది చూడగానే రెండో మిషన్ మోటారు ఆన్ చెయ్యాలి. మరో ఏడు సెకన్లకి రెండో చుక్క. వెంటనే ఈ మిషన్ వెలుగు మూసి ఆ మిషన్ వెలుగు తెరవాలి. హాల్లో కూర్చున్నవాళ్లలో ఎవరికీ రీలు మారినట్టే తెలియకూడదు.

ఒకసారి అడిగాను, అన్నిసార్లు ఒకే సినిమా చూస్తే విసుగు రాదా అని.

“హీరో నడిమధ్యలో ఉంటాడు రా. చుక్క మూలన పడుద్ది. నా కళ్లెప్పుడూ ఆ మూలనే ఉంటాయి. అక్కడ నిలబడేవాళ్లని రోజుకి మూడుసార్లు చూస్తాను. వాళ్లని చూస్తే నాకు విసుగు రాదు” అన్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గదిలో మిషన్ల చప్పుడుకి మాటలు సరిగా వినపడవు. గోడకి చిన్న స్పీకరు ఉండేది గానీ అది గరగరలాడేది. అందుకని బాబాయి సినిమాని చెవులతో కాక కళ్లతోనే చూసేవాడు. మాటలు వినపడనప్పుడు మాట్లాడేవాడి నోరు చూసి లాభం లేదు, వినేవాడి ముఖం చూస్తే కథ తెలుస్తుంది. మంచి నటుడెవరో, ఊరికే తన వంతు మాట కోసం ఎదురుచూస్తున్నవాడెవరో ఆ కిటికీలోంచి ఇట్టే పోల్చేవాడు.

హీరో పక్కన నిలబడే నటుల్లో ఎవరు గొప్పో ర్యాంకులు వేసుకునే మా లెక్కకి రూల్సు ఉండేవి. జనం బయటికొచ్చాక ఎవరి డైలాగులు పదేపదే చెప్పుకుంటారో వాళ్లు ఈ లెక్కలోకి రారు. ఆ లెక్కన ‘ముత్యాల ముగ్గు’ రావు గోపాలరావు మొదట్లోనే బయటికెళ్లిపోయాడు. ఎస్.వి. రంగారావు సంగతి సరేసరి. ఆయన పక్కన నిలబడితే హీరోలే పక్కవాళ్లు అవుతారని బాబాయి ఆయన పేరు పుస్తకంలోకే రానివ్వలేదు. మరో రూలు, ఆ మనిషిని సినిమాలోంచి తీసేసి చూడాలి. కథ నడిచిపోతే ర్యాంకు లేదు. ఎక్కడో ఒకచోట కుంటుతుంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి.

పుస్తకం నిండా కొట్టివేతలే. చివరికి నిలబడ్డ పేజీలో ఆరు పేర్లున్నాయి, మధ్యలో ఇరికించిన ఇంకో పేరుంది. కింది నుంచి చెబుతాను.

ఆరో పేరు పేకేటి శివరాం. ‘దేవదాసు’ (1953)లో భగవాన్. దేవదాసుకి మందు అలవాటు చేసే స్నేహితుడు. ఆ పాత్రని కాస్త కుళ్లుగా చేస్తే ప్రేక్షకుడికి తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు, పని సులువయ్యేది. పేకేటి అలా చెయ్యలేదు. నవ్వు ముఖంతో, మంచి మనసుతో, స్నేహితుడి బాధకి మందు తెలిసినవాడిలా గ్లాసు అందిస్తాడు. అందుకే మనకి కోపం రాదు, భయమేస్తుంది. నాగేశ్వరరావు గారి మత్తు కళ్ల గురించి డెబ్భై ఏళ్లుగా అందరూ రాస్తూనే ఉన్నారు. ఆ కళ్లకి మొదటి గ్లాసు ఇచ్చిన చేతి గురించి ఎవరూ రాయరు.

ఐదో పేరు నేను చేర్చింది. 1995లో ‘బొంబాయి’ చూశాను. అప్పటికి ఉద్యోగంలో చేరి ఊరు వదిలేశాను. అల్లర్లలో తప్పిపోయిన కవలల్లో ఒక పిల్లాణ్ణి ఒక హిజ్రా దగ్గరికి తీసి కాపాడుతుంది. పిల్లాడికీ అల్లరి మూకకీ మధ్య నిలబడ్డ ఆ మనిషిని చూసి హాల్లో ఊపిరి బిగబట్టాను. ఎవరో కొత్త నటుడనుకున్నాను. సెలవుకి ఇంటికెళ్లి బాబాయికి ఆ సీను గురించి చెబుతుంటే మధ్యలోనే ఆపాడు.

“రాళ్లపల్లి రా, ఒరేయ్! మన రాళ్లపల్లి!”

నమ్మలేకపోయాను. వంశీ సినిమాల్లో, జంధ్యాల సినిమాల్లో మనం పగలబడి నవ్విన మనిషి. గొంతు చూస్తే పల్లెటూరి మనిషిది, నడకలోనే నవ్వు తెప్పించేవాడు. ఆయన్ని నేను వందసార్లు చూసి కూడా గుర్తుపట్టలేదంటే, తన దగ్గరున్న అలవాట్లన్నీ ఇంట్లో వదిలేసి ఆ పాత్రలోకి వెళ్లాడన్నమాట. హిజ్రా పాత్ర అనగానే వెకిలి నవ్వులు పండించుకునే కాలమది. ఆయన ఆ పాత్రకి ఎంత గౌరవమిచ్చాడో, తెర మీద కనిపించేది కొద్దిసేపే అయినా ఒక్క క్షణం కూడా దాన్ని తక్కువ చెయ్యలేదు. 2019లో ఆయన పోయినప్పుడు వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం హాస్యం గురించే. ఈ పాత్ర ఒక్క వాక్యంలో వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది.

నాలుగు, డబ్బింగ్ జానకి. ‘సాగర సంగమం’లో బాలు తల్లి. పెళ్లిళ్లలో వంటలు చేసుకుని బతికే మనిషి. ఆవిడ ముఖంలో ఎప్పుడూ పొయ్యి దగ్గరి అలసట ఉంటుంది, ఆ అలసటలోంచే కొడుకు నాట్యం చూసినప్పుడు వెలుగొస్తుంది. నాట్యోత్సవం ఆహ్వాన పత్రికలో తన ఫొటో చూసుకుని కమల్‌హాసన్ విలవిల్లాడిపోయే సీను అందరికీ గుర్తుంది, గుర్తుండాల్సిందే. కానీ ఆ పత్రిక అంత బరువెక్కడం వెనక ఆ తల్లి ఉంది. కొడుకు ఆ వేదిక ఎక్కకముందే ఆవిడ వెళ్లిపోతుంది, అవకాశం చేజారిపోతుంది. తల్లి మామూలు సినిమా తల్లిలా ఏడ్చి మొత్తుకుని ఉంటే ఆ నష్టం మనకి తగిలేది కాదు. వేరేవాళ్లకి గొంతు అరువిచ్చి, ఆ పనే ఇంటిపేరైన నటి ఆవిడ. ఇక్కడ గొంతు కంటే చూపుతోనే ఎక్కువ చెప్పింది. మా పిన్నికి ఈవిడంటే ప్రాణం. ర్యాంకు ఒకటికి తెమ్మని బాబాయితో చాలాసార్లు పోట్లాడింది.

మూడుకీ నాలుక్కీ మధ్య, రూళ్ల గీత మీదే, బాబాయి చిన్న అక్షరాలతో ఒక పేరు ఇరికించాడు: అల్లు రామలింగయ్య, మాధవయ్య.

‘శంకరాభరణం’ (1980) వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. జనం మొదటివారం పెద్దగా లేరు, తర్వాత హాలు పట్టలేదు. ఆ సినిమాలో అల్లు వారు శంకరశాస్త్రికి స్నేహితుడు, ప్లీడరు. ఆయన తెర మీదకి రాగానే అలవాటు కొద్దీ జనం నవ్వడానికి సిద్ధమయ్యేవారట. రెండు మూడు సీన్లు అయ్యేసరికి ఆ నవ్వు సర్దుకునేదని బాబాయి చెప్పేవాడు. శాస్త్రిగారి ముందు అందరూ ఒక అడుగు వెనక నిలబడతారు. చనువుగా దగ్గరికెళ్లి మాట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషి మాధవయ్య. శాస్త్రిగా వేసిన సోమయాజులు గారిది పర్వతం లాంటి విగ్రహం. పర్వతం ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన ఒక మామూలు మనిషి నిలబడాలి కదా. ఆ మామూలు మనిషిగా ఉండటానికి, అప్పటికే రాష్ట్రమంతా నవ్వించిన నటుడు తన చేష్టలన్నీ మానుకున్నాడు. శాస్త్రిగారి మీద మనకి భక్తి కలుగుతుంది గానీ, ప్రేమ మాత్రం మాధవయ్య కళ్లలోంచే కలుగుతుంది. ఈ మాట బాబాయిదే, నేను సొంతం చేసుకున్నాను.

మూడో పేరు ఛాయాదేవి. దీని దగ్గర కాస్త ఆగుతాను.

‘గుండమ్మ కథ’ (1962) మా హాల్లో పాత సినిమాగా ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. మార్నింగ్ షో వేస్తే చాలు, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. అందులో సూర్యకాంతమే గుండమ్మ, సినిమా పేరే ఆవిడది కాబట్టి మా రూల్సు ప్రకారం ఆవిడ లెక్కలోకి రాదు. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషి కన్నా హీనంగా చూసే గయ్యాళి. సినిమా సగం దాకా ఆ గుండమ్మకి ఎవరైనా బుద్ధి చెబితే బాగుండునని హాలంతా కోరుకుంటుంది. అప్పుడు దుర్గగా ఛాయాదేవి ఇంట్లో అడుగుపెడుతుంది. పెత్తనం లాక్కుంటుంది. గుండమ్మని తన ఇంట్లోనే పరాయిదాన్ని చేసి, చివరికి గదిలో పెట్టి తాళం వేస్తుంది.

ఇక్కడే ఉంది పనితనమంతా. గుండమ్మకి బుద్ధొచ్చిందని జనం చప్పట్లు కొట్టాలి, కానీ కొట్టరు. ఎందుకంటే ఛాయాదేవి గయ్యాళితనం వేరు. సూర్యకాంతం అరుస్తుంది, చేతులు తిప్పుతుంది, ఎడం చెయ్యి ఊపుతుంది. ఆ అరుపులో ఒక ఇల్లాలి వేడి ఉంటుంది. ఛాయాదేవి గొంతు అంత లేవదు. కళ్లు సగం మూసి, పెదవి ఒక పక్కకి లాగి, ఎదుటి మనిషి మనిషే కాదన్నట్టు చూస్తుంది. ఆ చల్లటి చూపు పడగానే, అప్పటిదాకా మనం తిట్టుకున్న గుండమ్మ మన మనిషైపోతుంది. ‘అయ్యో గుండమ్మా’ అని ఆడవాళ్ల వరసల్లోంచి వినపడేదని బాబాయి చెబితే, ఒకసారి నేను కిటికీ దగ్గర కాకుండా కింద కూర్చుని విన్నాను. నిజమే. నా ముందు వరసలో ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “పాపం, అన్నమన్నా పెట్టిందో లేదో” అంది. సినిమా మొదటి సగంలో అదే ముసలావిడ గుండమ్మని నోరారా తిట్టింది.

ఒక నటి వచ్చి, ఇంకో నటి మీద మనకున్న అభిప్రాయాన్ని అరగంటలో తిరగేసింది. సూర్యకాంతానికి దక్కిన జాలిలో సగం ఛాయాదేవి సంపాదించి పెట్టిందే. ఆవిడకి మాత్రం ఆ ముసలావిడ దగ్గర్నుంచి శాపనార్థాలే మిగిలాయి. ఇంతకంటే నిస్వార్థంగా నటించడం నేనెక్కడా చూడలేదు.

ఇక మొదటి రెండు ర్యాంకుల దగ్గరే నాకూ బాబాయికీ ఏళ్ల తరబడి వాదన. ఆ పేజీ చూస్తే తెలుస్తుంది, ఒకటి అంకె, రెండు అంకె ఎన్నిసార్లు దిద్దామో కాగితం చిరుగు పట్టింది.

బాబాయి మనిషి సి.ఎస్.ఆర్. పూర్తి పేరు చిలకలపూడి సీతారామాంజనేయులు. ఇప్పటివాళ్లకి ఆయనంటే ‘మాయాబజార్’ శకుని, అంతే. కానీ ఆయన రంగస్థలం మీద కృష్ణుడు. 1939లో వచ్చిన ‘బాలాజీ’లో సాక్షాత్తు వేంకటేశ్వరుడు. అలాంటి కథానాయకుడు వయసొచ్చాక పక్కకి జరిగాడు. జరిగినవాడు చిన్నబుచ్చుకోలేదు సరికదా, ఆ పక్క వేషాల్లో ఒకదానికొకటి పొంతన లేని మనుషుల్ని చూపించాడు. 1951లో ‘పాతాళభైరవి’లో రాజు. 1955లో ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులు. 1957లో శకుని.

వీటిల్లో బాబాయి ఎంచుకున్నది ఏదో తెలుసా? ‘దేవదాసు’లో జమీందారు, పార్వతి భర్త. వయసు మళ్లినవాడు, ఎదిగిన పిల్లల తండ్రి. ఆ మనిషి మీద మనకి కోపం ఉంటుంది, మన పార్వతిని పెళ్లి చేసుకున్నాడు కాబట్టి. సి.ఎస్.ఆర్. ఆ కోపాన్ని పట్టించుకోకుండా నెమ్మదిగా, మర్యాదగా, కొంచెం సిగ్గుపడుతున్నట్టు మాట్లాడతాడు. ఇంట్లోకి వచ్చిన ఈ చిన్నపిల్ల మనసు తనది కాదని తెలిసినట్టే ఉంటుంది ఆ ముఖం. “చూడు రా, ఆయన తప్పేం లేదు. తప్పు లేనివాడు తప్పు చేసినవాడిలా తల వంచుకుంటాడు చూడు” అనేవాడు బాబాయి. నాకు చిన్నప్పుడు ఇది ఎక్కలేదు. పెళ్లయి, పిల్లలు పుట్టాక ఒకసారి చూసినప్పుడు ఎక్కింది.

శకుని విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. చివర్లో సత్యపీఠం ఎక్కే సీను. దాని మీద నిలబడ్డవాడు నిజమే చెప్పాలి. అబద్ధం తప్ప ఎరగని మనిషి దాని మీద నిలబడి, కడుపులో ఉన్నదంతా తన నోటితోనే కక్కేస్తాడు. నోరు నిజం చెబుతుంటే మనిషి దాన్ని ఆపాలని చూస్తాడు. అంటే ఒకే ఒంట్లో ఇద్దరు కనపడాలి. పింగళి వారి మాటలు గొప్పవే, ఒప్పుకుంటాను. కానీ మా గదిలో ఆ మాటలు వినపడేవి కావు కదా, అయినా ఆ ఇద్దరూ కనపడేవారు.

2010లో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చినప్పుడు బాబాయిని తీసుకెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై చాలా కాలమైంది, కళ్లకి ఆపరేషన్ కూడా అయింది. ప్రేక్షకుల మధ్యలో కూర్చుని సినిమా చూడటం ఆయనకి అలవాటు లేదు, కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. సత్యపీఠం సీనులో నేను తెర వదిలేసి ఆయన ముఖం చూశాను. ఆయన కళ్లు కుడివైపు పైమూలకే వెళ్లి వస్తున్నాయి. శకుని మీద కాసేపు, మూల మీద కాసేపు.

“చుక్క పడట్లేదురా” అన్నాడు నా చెవిలో.

“ఇప్పుడు రీళ్లు లేవు కదా బాబాయ్.”

“తెలుసులే. అయినా…” అని ఊరుకున్నాడు. తర్వాత బయటికొస్తూ, “రంగుల్లో కూడా సి.ఎస్.ఆర్. సి.ఎస్.ఆరే” అన్నాడు.

ఇక నా మనిషి. శరత్‌బాబు, ‘సాగర సంగమం’లో రఘు.

1983లో ఆ సినిమా మా హాలుకి వచ్చింది. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఒక రోజు ఫస్ట్ షోలో, రెండో మిషన్‌లో కార్బన్ కడ్డీ సరిగా అంటుకోక బాబాయి దానితో కుస్తీ పడుతున్నాడు. రీలు చివరికొస్తోంది. “ఒరేయ్ నాన్నా, కిటికీ దగ్గర నిలబడు. చుక్క పడగానే కేకెయ్యి” అన్నాడు. నా జన్మలో అంత పెద్ద బాధ్యత ఎవరూ అప్పగించలేదు. స్టూలు ఎక్కి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను.

తెర మీద బాలు తాగి ఉన్నాడు. ఏదో అంటున్నాడు, చేతులూపుతున్నాడు. నాకు మాటలు వినపడటం లేదు. పక్కన రఘు నిలబడి వింటున్నాడు. అంతే, నా కళ్లు అక్కడ అతుక్కుపోయాయి. ఆ ముఖంలో కోపముంది, నిజమైన కోపం, చెంప పగలగొట్టేంత కోపం. దాని కిందే, కొట్టడానికి చెయ్యి రాని ప్రేముంది. ఆ రెండూ ఒకదాన్నొకటి దాటి బయటికి రాలేక దవడ దగ్గర ఆగిపోయాయి. దవడ కదిలింది. ఇప్పుడేమంటాడో, ఇప్పుడేమంటాడో అని చూస్తున్నాను.

ఉన్నట్టుండి తెర తెల్లగా అయిపోయింది.

కింద నుంచి ఈలలు, అరుపులు, కుర్చీల చప్పుడు. బాబాయి ఒక్క గెంతులో వచ్చి రెండో మిషన్ తిప్పాడు. ఆ తెల్ల తెర ఎంతసేపుందో నాకు తెలియదు, ఏళ్లు గడిచినట్టుంది. షో అయ్యాక యజమాని మనిషి పైకొచ్చి బాబాయిని నానా మాటలన్నాడు. నేను రివైండు బల్ల వెనక నిలబడి వణికిపోతున్నాను. బాబాయి నా పేరెత్తలేదు. కడ్డీ వల్ల ఆలస్యమైందన్నాడు.

ఆయన వెళ్లిపోయాక నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

“ఏం చూశావురా అంతలా?” అన్నాడు.

చెప్పాను. దవడ సంగతి చెప్పాను. బాబాయి ఏమీ అనలేదు. సెకండ్ షోలో ఆ రీలు వచ్చినప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకుని ఆయన కూడా చూశాడు. చుక్క పడింది, చెయ్యి దానంతటదే మోటారు మీదకెళ్లింది, కళ్లు మాత్రం రఘు మీదే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఈ రూళ్ల పుస్తకం కొనుక్కొచ్చాడు. ‘పక్కవాళ్ల లెక్క’ మొదలైంది అలా.

రఘు పాత్రని ఇన్నేళ్లుగా ఎందుకు మొదటి ర్యాంకులో పెట్టానో కూడా చెప్పాలి. స్నేహితుడి పాత్ర తెలుగు సినిమాలో రెండు రకాలు. హీరోని నవ్వించేవాడు, లేదా హీరో కోసం చచ్చిపోయేవాడు. రఘు ఈ రెండూ కాదు. ఒక గొప్ప కళాకారుడు కళ్ల ముందే పాడైపోతుంటే రోజూ చూస్తూ బతకాల్సిన మామూలు మనిషి. కమల్ ఆ సినిమాలో నిప్పులా మండుతుంటే, ఎవరైనా పోటీ పడి తామూ మండాలనుకుంటారు. శరత్‌బాబు ఆ పొరపాటు చెయ్యలేదు. గొంతు పెంచడు. తెల్ల చొక్కాలో, ఆ తీరైన ముక్కుతో, మనింటి పక్క మంచి ఉద్యోగస్తుడిలా ఉంటాడు. ఆ నిదానం వల్లే బాలు ఎంత దూరం జారిపోయాడో మనకి కొలత దొరుకుతుంది. చివర్లో వేదిక మీద నాట్యం ఆగకూడదు కాబట్టి, కన్నుమూసిన స్నేహితుణ్ణి చక్రాల కుర్చీలో నెట్టుకుంటూ వానలోకి వెళ్తాడు. ఏడవడానికి ప్రపంచంలో ఏ నటుడికైనా అంతకంటే అవకాశం రాదు. ఆయన ముందు కుర్చీని జాగ్రత్తగా నడుపుతాడు. ఏడుపు మనకి వదిలేశాడు.

బాబాయి దీనికి జవాబుగా, “శరత్‌బాబుది చక్కటి ముఖం రా, కెమెరా ఎలాగూ చూస్తుంది. సి.ఎస్.ఆర్. జమీందారుని ఎవరూ చూడాలనుకోరు. చూడాలనుకోనివాణ్ణి చూసేలా చెయ్యడం కష్టం” అనేవాడు. ఇప్పటికీ నా దగ్గర దీనికి సరైన జవాబు లేదు. ర్యాంకు మాత్రం మార్చను.

పుస్తకంలో ఇంకా చాలామంది ఉన్నారు. ‘స్వాతిముత్యం’ నాయనమ్మ నిర్మలమ్మ పేరు కొన్నాళ్లు నాలుగో స్థానంలో ఉండి తర్వాత కొట్టివేతకి గురైంది, ఎందుకో గుర్తులేదు, కొట్టకుండా ఉండాల్సింది. ఒక పేజీలో పాత పేపరు కటింగు అంటించి ఉంది, ‘యజ్ఞం’లో నటనకి పి.ఎల్. నారాయణకి 1991 సంవత్సరానికి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చిన వార్త. పక్కన బాబాయి రాత: ‘మన హాలుకి ఈ బొమ్మ రాలేదు.’

2014లో బాబాయి పోయారు. పిన్ని ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, “జానకిని ఒకటికి తేరా ఇప్పుడైనా” అంది. నవ్వుతూనే అంది, కళ్లు తుడుచుకుంటూ.

శరత్‌బాబు పోయిన ఆ రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక ‘సాగర సంగమం’ పెట్టుకున్నాను. కంప్యూటర్లో దొరికిన పాత ప్రింటు. బొమ్మ మసకగా ఉంది, గీతలు పడుతున్నాయి. సౌండు పూర్తిగా తగ్గించేశాను. బాలు తాగి మాట్లాడుతున్నాడు. రఘు వింటున్నాడు. కోపం, దాని కింద ప్రేమ, దవడ దగ్గర ఆగడం, అన్నీ అక్కడే ఉన్నాయి. నలభై ఏళ్లయినా ఒక్క గీత చెరగలేదు.

అప్పుడు కుడివైపు పైమూల చుక్క పడింది. ఎవరో ఆ పాత ప్రింటుని అలాగే కాపీ చేసినట్టున్నారు, చుక్కతో సహా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రఘు ముఖం మీద నుంచి కళ్లు తియ్యకుండానే లోపల లెక్కపెట్టుకున్నాను. ఏడో అంకె దగ్గర రెండో చుక్క పడింది. తర్వాతి రీలు వచ్చింది.